చవితి నుంచి బతుకమ్మ దాకా: గోడకు మరక పడకుండా చిట్టితో 25 రోజులు

మొదలుపెట్టే ముందు రాత్రి

మా చిట్టికి 2 ఏళ్ల 3 నెలలు. హైదరాబాదులో మూడో అంతస్తులో అద్దె ఫ్లాటు మాది, హాల్లో గోడలన్నీ తెలుపే. ఇంతకుముందు ఉన్న ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆ ఓనరు గోడ మీద క్రేయాన్ గీతలు చూపించి, పెయింటింగు ఖర్చు అని అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె పట్టుకున్నారు. డబ్బు పోయిన బాధ ఒకటైతే, దాని తర్వాత నేను చేసింది ఇంకా పెద్ద తప్పు. రెండు నెలల పాటు పిల్ల చేతికి రంగు అనేదే ఇవ్వలేదు. క్రేయాన్ల డబ్బా బీరువా పైన పెట్టేశాను, తను వేలు చూపించి "అమ్మా, అది, అది" అని అడిగిన ప్రతిసారీ ఫోన్లో పాటలు పెట్టి కూర్చోబెట్టాను.

ఈ వానలు మొదలయ్యాక ఇంకా ఎక్కువైంది. కిందికి దిగితే బురద, పార్కులో జారుడుబల్ల నిండా నీళ్లు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో రెండేళ్లు నిండిన పిల్లలకు స్క్రీను రోజుకు గంట మించకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ఉంది. మా ఇంట్లో అది రెండు గంటలు దాటిపోయింది. వినాయక చవితి పూజ అయ్యాక ఆ సాయంత్రమే నేనూ మా ఆయనా కూర్చుని అనుకున్నాం, రేపటి నుంచి ఎంగిలిపూల బతుకమ్మ దాకా, అంటే భాద్రపద అమావాస్య వరకు, రోజూ సాయంత్రం నాలుగున్నరకు చిట్టి నిద్ర లేచి పాలు తాగాక ఫోను బదులు చేతిపని ఏదో ఒకటి చేయించాలని. లెక్కేస్తే 25 రోజులు.

నేను పెట్టుకున్న షరతులు మూడే. పని తన చేతులే చేయాలి, నేను చేసి చూపించి చప్పట్లు కొట్టించడం కాదు. అయిపోయాక సర్దడానికి నాకు అయిదు నిమిషాలు మించకూడదు, ఎందుకంటే ఆ తర్వాత వంట ఉంది, ఆఫీసు కాల్ ఉంది. మూడోది, వస్తువు నోటికి వెళ్లినా ప్రాణం మీదికి రాకూడదు. కొన్నవి ఇవి: మందంగా ఉండే పెద్ద జిప్ కవర్లు, అంగుళం వెడల్పు మాస్కింగ్ టేపు, పసుపు, నీలం పోస్టర్ రంగులు, ఒకవైపు జిగురు ఉండే పారదర్శక ప్లాస్టిక్ షీటు చుట్ట ఒకటి. అన్నీ కలిపి 460 రూపాయలు. మిగిలినవన్నీ ఇంట్లో ఉన్నవే.

1వ రోజు

జిప్ కవర్లో రంగు. మందపాటి డ్రాయింగు షీటును కవరు కంటే కొంచెం చిన్నగా కత్తిరించి లోపల పెట్టాను, ఒక మూల చెంచాడు పసుపు రంగు, ఇంకో మూల చెంచాడు నీలం వేసి, గాలంతా బయటికి నొక్కేసి జిప్ మూసి, నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో నేలకు అతికించాను. చిట్టి ముందు ఒక వేలు పెట్టి నొక్కి, వేలు తీసి చూసుకుంది. వేలికి రంగు అంటలేదు. మళ్లీ నొక్కింది, మళ్లీ చూసుకుంది. ఇలా ఓ అయిదారు సార్లు చేశాక అప్పుడు మొదలెట్టింది, రెండు అరచేతులతో బాదడం, మోచేత్తో రుద్దడం, చివరికి దాని మీద కూర్చోవడం.

నీలం, పసుపు కలిసిన చోట ఆకుపచ్చ వచ్చింది. తనకి రంగుల పేర్లు ఇంకా రావు కానీ అక్కడ ఆగి, "ఆకు" అంది. నేను చెప్పలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరు నిమిషాలు ఆడింది. సర్దడానికి నాకు ఒక్క నిమిషం.

2వ రోజు

నిన్న బాగుందని ఈరోజు మూడు రంగులు వేశాను, ఎరుపు కూడా. మూడూ కలిసి బురద రంగయింది, చిట్టికి ఆసక్తి పోయింది. రెండు రంగులే వేయండి, ఏ రెండు కలిపినా మూడో మంచి రంగు వచ్చేవి చూసుకోండి: పసుపు నీలం, ఎరుపు పసుపు, ఎరుపు తెలుపు.

ఇంకో సంగతి, జిప్ దగ్గర కారింది. తను జిప్ ఉన్న వైపు మోకాలు పెట్టి ఎక్కింది, ఓ చుక్క బయటికొచ్చింది. టైల్స్ మీద కాబట్టి తుడిస్తే పోయింది. ఇకనుంచి జిప్ వైపు మడిచి దాని మీద రెండు వరుసల టేపు వేయాలి, అది కూడా కవరు లోపల రంగు వేయకముందే అంచు పొడిగా తుడిచి. తడి అంచు మీద టేపు నిలవదు.

3వ రోజు

అదే కవరు, నేల మీద కాకుండా బాల్కనీ గాజు తలుపుకు, తన ఛాతీ ఎత్తులో. ఈసారి లోపల కాగితం లేదు, ఒట్టి రంగే. వెలుతురు రంగులోంచి వచ్చి నేల మీద పడుతుంటే చిట్టి కవరునూ వదిలేసి కాసేపు నేలను పట్టుకోబోయింది. నిలబడి, చేతులు పైకెత్తి పని చేయడం వల్ల భుజాలు, మణికట్టు కూడా బాగా కదిలాయి, కూర్చుని ఆడినప్పటి కంటే ఎక్కువసేపు నిలిచింది. కాగితం లేని కవరు నాలుగు రోజులు వాడుకున్నాం, రంగు ఎండలేదు. కాగితం ఉన్నదైతే పిల్ల పడుకున్నాక కవరు పక్క అంచు కత్తిరించి, కాగితం జాగ్రత్తగా లాగి ఆరబెట్టుకుంటే బొమ్మ మిగులుతుంది. నిన్నటిదీ మొన్నటిదీ ఫ్రిజ్ మీద ఉన్నాయి.

ఈ మూడు రోజుల్లో నాకు ఒకటి అర్థమైంది. ఇన్నాళ్లూ నేను పిల్ల చేతిని కట్టేశాను. కట్టేయాల్సింది రంగుని. రంగు బయటికి రాలేని చోట పెట్టేస్తే చేతిని ఎంతైనా వదిలేయొచ్చు, "వద్దు, ముట్టుకోకు, ఆగు" అనే మాట ఒక్కటి కూడా అనకుండా. ఈ మూడు సాయంత్రాల్లో నేను ఆ మాట అనలేదు.

4వ రోజు

పలక మీద నీళ్లు. మా అమ్మ ఒంగోలు నుంచి పోయినసారి వచ్చినప్పుడు మార్కాపురం రాతి పలక తెచ్చింది, చెక్క ఫ్రేముది, అక్షరాభ్యాసానికని. ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఈ రాతి పలక బరువు, చల్లదనం మర్చిపోయాం మనం. అమ్మకి ఫోన్ చేసి పలక తీస్తున్నానని చెప్తే, "బలపం మటుకు ఇవ్వమాకే, నువ్వు దీని వయసులో రాసింది తక్కువ, తిన్నది ఎక్కువ" అంది. అందుకే బలపం కాదు, నీళ్లు.

చిన్న గిన్నెలో గిద్దెడు నీళ్లు, మా ఆయన బాల్కనీ గ్రిల్లుకు రంగు వేయడానికి కొని వాడకుండా ఉంచిన రెండంగుళాల బ్రష్షు. రాతి పలక తడిస్తే నల్లగా నిగనిగలాడుతుంది, ఆరిన చోట బూడిద రంగుకి వస్తుంది. కాబట్టి గీసింది స్పష్టంగా కనిపిస్తుంది, ఫ్యాను కింద మూడు నాలుగు నిమిషాల్లో దానంతటదే పోతుంది. చిట్టి మొదట గీత పోతుంటే కంగారు పడి నా వైపు చూసింది. "ఎండిపోయింది, మళ్లీ వెయ్యి" అన్నాను. మళ్లీ వేసింది. మళ్లీ పోయింది. అప్పుడు నవ్వడం మొదలెట్టింది, అది పోవడం కోసమే గీయడం మొదలెట్టింది, గీత పక్కన తల ఆనించి పడుకుని ఆరడం చూసింది. 22 నిమిషాలు. ఇప్పటిదాకా ఇదే ఎక్కువ. ఆ తర్వాత బాల్కనీ పిట్టగోడకి కూడా వేయించాను, సిమెంటు గోడ తడిస్తే ముదురు రంగు వస్తుంది కదా, పెద్ద పెద్ద గీతలు, భుజం మొత్తం ఊపి వేసింది. ఇంట్లో గోడకు భయపడే నేను బయటి గోడ మొత్తం తనకి ఇచ్చేశాను. (బాల్కనీలో ఉన్నంతసేపూ నేను పక్కనే ఉన్నాను, ఎక్కడానికి స్టూలు లాంటివేమీ అక్కడ ఉంచలేదు.)

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్తాను. బకెట్ పెట్టొద్దు. ఈ వయసు పిల్లలకి తల బరువు ఎక్కువ, బకెట్లోకి తల వంచి పడితే తిరిగి లేవలేరు, రెండు మూడంగుళాల నీళ్లు చాలు ప్రమాదానికి. గిద్దెడు పోయండి, అయిపోతే మళ్లీ గిద్దెడు పోయండి.

5వ రోజు

మాస్కింగ్ టేపుతో హాలు నేల మీద రోడ్డు వేశాను. రెండు వరుసలు, మధ్యలో ఒక చౌరస్తా, సోఫా కింద సొరంగం. కార్లు నడిపింది పది నిమిషాలు, టేపు పీకింది పావుగంట. పీకడమే అసలు పని అయింది. అంచు గోటితో లేపి పట్టుకోవడానికి చాలా కష్టపడింది, నాలుక బయటపెట్టి మరీ. రేపటి నుంచి టేపు అంచు కొంచెం మడిచి వదలాలి, తనకి పట్టు దొరికేలా.

7వ రోజు

సిబ్బి. మా ఇంట్లో ఇప్పటికీ గంజి వారుస్తాం కాబట్టి చిల్లుల సిబ్బి ఉంది. దాన్ని గిన్నె మీద బోర్లించి, రంగు రంగుల స్ట్రాలు జానెడు పొడుగున ఇచ్చాను, చిల్లుల్లోకి గుచ్చమని. మా సిబ్బి చిల్లులు కొంచెం పెద్దవి, మీ ఇంట్లోది సన్నగా ఉంటే స్ట్రా పట్టదు, ముందు చూసుకోండి. కాగితం స్ట్రాలు రెండోసారికే మెత్తబడి వంగిపోయాయి. గుచ్చినంతసేపూ కూర్చునే ఉండాలి, స్ట్రా చేత్తో పట్టుకుని పరిగెత్తితే కంట్లోనో నోట్లోనో గుచ్చుకుంటుంది. లేచిన వెంటనే నేను స్ట్రాలు తీసేసుకున్నాను, రెండుసార్లు ఏడ్చింది, మూడోసారి కూర్చుంది.

8, 9 రోజులు

జలుబు, ఒళ్లు వెచ్చగా ఉంది. ఏమీ చేయలేదు. ఒళ్లో పడుకోబెట్టుకుని కిటికీలోంచి వాన చూశాం. 9వ రోజు రాత్రి 5వ రోజు నాటి టేపు ముక్క ఒకటి సోఫా కింద దొరికింది, పీకితే జిగురు నేలకే ఉండిపోయింది. కొబ్బరి నూనె రెండు చుక్కలు వేసి పది నిమిషాలాగి గుడ్డతో రుద్దితే పోయింది. టేపు వేసిన రోజే పీకేయండి.

10వ రోజు

నిమజ్జనం. వీధి వినాయకుడు డప్పులతో వెళ్లాడు, మా ఇంటి మట్టి వినాయకుణ్ని బకెట్లో నిమజ్జనం చేసి ఆ మట్టి తులసి కుండీలో పోశాం. చిట్టికి ఆ మట్టి కావాలి. ఏడుపు. సరే, పిండి ముద్ద ఇద్దామనుకున్నాను.

పిండి సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇందులోనే నేను దెబ్బతిన్నాను. ఆడుకునే పిండికి మామూలుగా చెప్పే కొలత రెండు కప్పుల పిండి, కప్పు ఉప్పు, కప్పు నీళ్లు. అంత ఉప్పు వేస్తే రోజుల తరబడి పాడవదు, నిజమే, కానీ మా చిట్టి ఇంకా ప్రతిదీ రుచి చూసే వయసులోనే ఉంది, అంత ఉప్పు కడుపులోకి పోతే పిల్లలకి ప్రమాదం. కాబట్టి ఉప్పు లేకుండా, చపాతీ పిండి కంటే కొంచెం గట్టిగా కలిపి, చెంచా నూనె వేసి, అరగంట నాననిచ్చాను. ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు, అంతే.

దుకాణంలో డబ్బాల్లో అమ్మే ప్లే-డో కూడా ముఖ్యంగా గోధుమ పిండితో చేసేదే, గోధుమ పడని పిల్లలుంటే అది గుర్తుంచుకోవాలి. దాని పుట్టుక నాకు చాలా ఇష్టమైన విషయం. అమెరికాలో సిన్సినాటి అనే ఊళ్లో బొగ్గు పొయ్యిల మసి పట్టిన గోడ కాగితాలను శుభ్రం చేయడానికి చేసిన ముద్ద అది. బొగ్గు వాడకం తగ్గి గిరాకీ పోయాక, చిన్నపిల్లల బడిలో దాంతో బొమ్మలు చేయిస్తే బాగుందని తెలిసి, 1956లో ఆటవస్తువుగా అమ్మకానికి వచ్చింది. గోడలు తుడిచే వస్తువు చివరికి పిల్లల చేతుల్లోకి వచ్చింది.

సరే, మా పిండి. రెండు ముద్దలు చేసి ఒకదాంట్లో బీట్‌రూట్ రసం, ఇంకోదాంట్లో పసుపు కలిపాను. అన్నీ తినేవే కదా అని. అప్పడాల కర్ర, గ్లాసు అంచు, ఫోర్కు ఇచ్చాను. చిట్టి అరగంట పైన కూర్చుంది, నొక్కింది, చింపింది, గ్లాసు అంచుతో గుండ్రాలు కోసి "అప్పచ్చి" అని నాకు పెట్టింది. అంతసేపు ఆడినందుకు సంతోషపడుతూ లేస్తే, తెల్ల నూలు గౌను ముందంతా పసుపు. టైల్స్ మధ్య సందుల్లో పసుపు. నేను వెంటనే బట్టల సబ్బు పెట్టి రుద్దాను, మరక ఎర్రగా మారింది. అప్పుడు గుర్తొచ్చింది, పసుపులో సున్నం కలిపితేనే కదా పారాణి ఎరుపు వచ్చేది. సబ్బుకీ సున్నానికీ ఉన్న గుణం ఒకటే, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. గౌను బాగా జాడించి పక్కన పెట్టాను. చాలా బాధగా ఉంది, అది మా అమ్మ కుట్టించిన గౌను.

12వ రోజు

మూడు రోజుల తర్వాత ఎండ వచ్చింది. గౌను తడిపి బాల్కనీలో నేరుగా ఎండ తగిలేలా వేశాను. పసుపులో రంగునిచ్చే పదార్థం వెలుతురుకి నిలవదు, ఎండలో దానంతటదే విరిగిపోతుంది. సాయంత్రానికి మరక సగానికి సగం పోయింది. రేపు కూడా వేస్తాను. టైల్స్ సందుల మీదికి మాత్రం ఎండ రాదు, అక్కడ లేత పసుపు అలాగే ఉంది.

పిండిలో పసుపు వేయొద్దు. బీట్‌రూట్ మరక నీళ్లకే చాలావరకు పోయింది, పాలకూర రసం కూడా ఫర్వాలేదు.

13వ రోజు

పళ్లెంలో రవ్వ పోసి వేలితో రాయించాలని చూశాను. బాసరలో బియ్యంలో అక్షరాలు దిద్దిస్తారు కదా, ఆ ఊహ. ముప్పై సెకన్లలో రవ్వ మొత్తం హాలంతా. ఊడ్చేసరికి ఇరవై నిమిషాలు, నా రెండో షరతు పోయింది.

రాత్రి ఆలోచించి ఇంకోలా చేశాను. జిప్ కవరు అడుగున బయటి వైపు ఎర్ర రంగు కాగితం అతికించి, లోపల రెండు చెంచాల రవ్వ పల్చగా పరిచి, గాలి తీసి, మూసి టేపు వేశాను. పైనుంచి వేలితో గీస్తే రవ్వ పక్కకి జరిగి ఎర్ర గీత కనిపిస్తుంది, కవరు బల్లపరుపుగా పెట్టి కదిపితే మళ్లీ చెరిగిపోతుంది. ఉప్పుతో కూడా చేయొచ్చు కానీ ఈ చెమ్మకి గడ్డకట్టింది. రవ్వ ఎక్కువ పోస్తే గీత కనిపించదు, రెండు చెంచాలు దాటొద్దు.

14వ రోజు

ఈ కవరు రోజంతా చేతిలో పట్టుకుని తిరిగింది. కారులో కూడా తీసుకెళ్లాం.

15వ రోజు

బొట్టుబిళ్లలు. రాళ్లు, పూసలు లేనివి, గుండ్రటివి, అన్నింటికంటే పెద్ద సైజువి. కాగితం మీద చెట్టు కొమ్మలు గీసి ఇచ్చాను, ఆకులు పూలు తను అతికించాలి. అట్ట మీది నుంచి బిళ్లను లేపడం తనకి కష్టం, అట్టను వెనక్కి వంచితే అంచు లేస్తుంది, అది చూపించాను. అంతే, తర్వాత తనే. మూడు చెట్టుకి పెట్టింది, ఒకటి నా నుదుటికి, ఒకటి తన బొడ్డుకి, మిగిలినవన్నీ డ్రెస్సింగు అద్దంలో కనిపించే తన ముఖానికి. అద్దం మీద జిగురు గోరువెచ్చటి నీళ్లకి పోయింది.

ఇక్కడే చిన్న వస్తువుల సంగతి చెప్పాలి. బొట్టుబిళ్లల తర్వాత కూల్‌డ్రింక్ సీసా మూతలతో ముగ్గు వేయిద్దామని ముప్పై మూతలు కడిగి దాచాను. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలు పరీక్షించడానికి ఒక చిన్న గొట్టం వాడతారు, దాని వ్యాసం 3.17 సెంటీమీటర్లు, అందులో పూర్తిగా పట్టే వస్తువు ఏదైనా గొంతుకు అడ్డం పడొచ్చని లెక్క. ఇంట్లో అయితే టాయిలెట్ టిష్యూ చుట్ట లోపలి అట్ట గొట్టం ఉంటుంది, అది ఇంకా కొంచెం వెడల్పు, అందులోంచి జారేది ఏదైనా ఇవ్వకపోతే సరి. సీసా మూత వేసి చూశాను. టక్కున కింద పడింది. ముప్పై మూతలూ పారేశాను. గాజుల మూట తీసి గాజులిచ్చాను, మట్టివి కాదు, మెటల్‌వి. వాటితో నేల మీద గుండ్రాలు పేర్చింది, అది కూడా ముగ్గే.

17వ రోజు

జిగురు గోడ. ఇది నేను మొదటి రోజు నుంచీ ఎదురుచూస్తున్న పని. పారదర్శక షీటును జిగురు వైపు మన వైపుకి వచ్చేలా తిప్పి, అంచులు టేపుతో గోడకు బిగిస్తే, పిల్లలు ఏది పెట్టినా అంటుకుంటుంది. గమ్ సీసా అక్కర్లేదు, చేతులకు ఏదీ అంటదు. మీటరు పొడుగున కత్తిరించి హాలు గోడకి బిగించాను, ఊలు ముక్కలు, దూది ఉండలు, గుడ్డ పేలికలు ఇచ్చాను. నాలుగు నిమిషాలకు షీటు మొత్తం ఊడి చిట్టి తల మీద పడింది, జుట్టుకి అంటుకుంది. భయపడి గట్టిగా ఏడ్చింది. కొబ్బరి నూనె రాసి మెల్లగా విడదీశాను, పిల్ల పడుకునేదాకా నన్ను వదల్లేదు.

గోడకి చెమ్మ ఉంది. వానాకాలంలో బయటి గోడ లోపలి వైపు చల్లగా తగులుతుంది చూడండి, అలాంటి గోడ మీద టేపు నిలవదు. తప్పు షీటుది కాదు, నేను చోటు చూసుకోలేదు.

18వ రోజు

చిట్టి షీటు దగ్గరికి రాలేదు. బలవంతం చేయలేదు. పలక, నీళ్లు.

19వ రోజు

కాగితం చింపడం. పాత ఆదివారం అనుబంధాల రంగు పేజీలు ఇచ్చి చింపి బుట్టలో వేయమన్నాను. మనం "చింపకు" అని రోజుకి పదిసార్లు చెప్పే పని, చింపమని చెప్తే ముఖం ఎంత వెలిగిపోయిందో. మొదట కాగితాన్ని రెండు చేతులతో దూరంగా లాగింది, చిరగలేదు. ఒక చేయి ముందుకి, ఒకటి వెనక్కి తిప్పాలని నా చేతులతో చూపించాను, రెండు మూడు ప్రయత్నాల తర్వాత చర్రున చిరిగింది. ఆ చప్పుడుకి ఆగి, మళ్లీ చప్పుడు కోసం చింపింది.

బుట్ట నిండాక మెల్లగా బీరువా దగ్గరికి తీసుకెళ్లాను. ఈసారి షీటు ఇనుప బీరువా తలుపుకి బిగించి ఉంచాను, నాలుగు వైపులా రెండేసి వరుసల టేపు, నేను ముందే లాగి చూశాను, కదల్లేదు. చిన్న ముక్క నేను అతికించాను. తను దూరం నుంచి చూసింది. ఇంకోటి అతికించాను. దగ్గరికొచ్చి ఒక వేలు పెట్టి తీసింది. అరచేయి పెట్టి తీసింది. తర్వాత బుట్ట మొత్తం ఖాళీ అయ్యేదాకా నేను లేకపోయినా తనకి ఫర్వాలేదు, నేను వంటింట్లోకి వెళ్లి కూర తాలింపు పెట్టుకున్నాను, అక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది. 35 నిమిషాలు.

20, 21, 22

మూడు రోజులూ జిగురు గోడే కావాలంది. పీకడం, మళ్లీ పెట్టడం. దూది పెట్టిన చోట జిగురు పోతుంది, దూది ఇవ్వకండి. ఊలు, కాగితం, ఆకులు మంచివి. ఫోను ఈ వారంలో ఒక్కసారి అడిగింది, అదీ వాళ్ల అమ్మమ్మతో మాట్లాడటానికి.

23వ రోజు

మా అత్తయ్య జనగామ నుంచి వచ్చారు. బీరువా మీద చెత్త కాగితాలు చూసి, "గిదేంది బిడ్డా, బీరువకు గిన్ని కాయిదాలు?" అన్నారు. చెప్పాను. వెంటనే ఏమీ అనలేదు, చిట్టి పక్కన కింద కూర్చుని చాలాసేపు చూశారు. తర్వాత, "ఎల్లుండి బతుకమ్మ గద, పూలిస్తే పెట్టదా?" అన్నారు.

ఈ ఆలోచన నాకు రాలేదు, అత్తయ్యదే.

24వ రోజు

ఎంగిలిపూలకి ముందురోజే పూలు తెచ్చి పెట్టుకుంటారు. అత్తయ్యా మా ఆయనా మార్కెట్టుకి వెళ్లి తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు తెచ్చారు. గునుగు రంగు అద్దనిది తెమ్మని చెప్పాను, రంగు నీళ్లలో ముంచిన గునుగైతే చేతులకి, గోడకి అంటుతుంది. సహజంగా ఉన్న తెలుపు, లేత గులాబీ చాలు. పిల్లల చేతికి పూలు ఇచ్చేముందు ఏ పూవో చూసుకోండి, గన్నేరు ఎర్రదైనా పచ్చదైనా మొత్తం విషం, అది ఇంట్లోకే రానివ్వకండి.

అత్తయ్య స్కెచ్ పెన్నుతో షీటు వెనక వైపు, జిగురు లేని వైపు, బతుకమ్మ ఆకారం గీసి ఇచ్చారు, కింద వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా, అయిదు వరుసలు. దాన్ని బీరువాకి బిగిస్తే గీతలు లోపలి నుంచి కనిపిస్తాయి. పూలు ఫ్యాను కింద పరిచి తడి ఆరనిచ్చాం, తడి పూవు అంటుకోదు.

25వ రోజు, ఎంగిలిపూల బతుకమ్మ

ఒకవైపు అత్తయ్య తాంబాళంలో గుమ్మడాకు పరిచి అసలు బతుకమ్మ పేరుస్తున్నారు, ఇటువైపు చిట్టి బీరువా తలుపు మీద తన బతుకమ్మ పేరుస్తోంది. అత్తయ్య అక్కడ తంగేడు వరుస పెడితే ఇక్కడ చిట్టి చూసి తంగేడు అందుకుంటోంది. వరుసలు, గీతలు ఏమీ పట్టించుకోలేదు, బంతి రేకులన్నీ ఒకే చోట కుప్పగా పెట్టింది, గునుగు కొసలు పట్టుకుని ఒక్కొక్కటి నొక్కింది. అత్తయ్య వరుస సరిచేయబోతే నేను ఆపుదామనుకున్నాను, కానీ ఆవిడే చేయి వెనక్కి తీసుకున్నారు. "దాని బతుకమ్మ దానిది, తియ్ బిడ్డా" అన్నారు. గంట సేపు, మధ్యలో ఒక్కసారి నీళ్లు తాగడానికి లేచింది.

ఈ పూలను దాచుకోవాలంటే పైన ఇంకో షీటు వేసి మూసేయొచ్చు అనుకున్నాను కానీ బంతి రేకుల్లో తడి ఉంటుంది, మూస్తే బూజు పడుతుంది. గునుగు మాత్రం ఎండినా రాలదు, రంగు ఉంటుంది. గునుగు ఉన్న ముక్క కత్తిరించి దాస్తాను.

సాయంత్రం కింద అపార్ట్‌మెంటు ఆవరణలో బతుకమ్మలు దించి ఆడారు. చిట్టి వాళ్ల నాయనమ్మ కొంగు పట్టుకుని చుట్టూ తిరిగింది, "ఉయ్యాలో" అన్నప్పుడల్లా ఆలస్యంగా ఒక చప్పట. పైకి వచ్చాక ఇంట్లో వెలుతురు వేసి చూస్తే, తలుపు పక్కన తెల్లగోడ మీద చిన్న పసుపు చేయి. అయిదు వేళ్లూ స్పష్టంగా ఉన్నాయి. గౌరమ్మను చేస్తున్నప్పుడు అత్తయ్య పసుపు ముద్ద ముట్టుకుని వెళ్లి పెట్టినట్టుంది.

మా ఆయన తడిగుడ్డ తెచ్చారు. సబ్బు వద్దన్నాను. అత్తయ్య, "పండుగ పూట పసుపు చెయ్యి, ఉండనియ్యి" అన్నారు. పొడి గుడ్డతో పైపొడి మాత్రం దులిపి వదిలేశాను. ఆ గోడకి పొద్దున తొమ్మిదింటికి బాల్కనీ వైపు నుంచి ఎండ వస్తుంది, గంటన్నర ఉంటుంది. ఈలోపు పెన్సిల్ తెచ్చి చిట్టి చేయి కాగితం మీద పెట్టి చుట్టూ గీసుకున్నాను, తేదీ వేశాను.